అర ఇటుక

గోడవార ఉన్న చెక్కబండిని యేసుబాబు ఇలా లాగాడో లేదో, అది చేతిలోంచి జారిపోయింది. గచ్చు వాలులో గరగరమంటూ దొర్లుకుంటూ పోయి, మురుగు జాలీకి కొట్టుకుని ఆగింది.

అలా ఎప్పుడూ జరగదు. కార్లు కడిగిన నీళ్ళు నిలవకుండా ఆ షెడ్డు గచ్చుని వాలుగా వేశారు. అందుకే రోజూ ఇంటికెళ్ళే ముందు బండి చక్రానికి ఒక అర ఇటుక అడ్డం పెడతాడు. పొద్దున వచ్చి, బండి మీద కుదురుగా కూర్చున్నాకే ఇటుక తీస్తాడు. ఇవాళా ఇటుక ఉంది. కాని పక్కకి తిరిగి ఉంది.

వంగి చేతిలోకి తీసుకున్నాడు. ఒక మూల ఊడిపోయింది. ఊడినచోట రంగు తాజాగా ఎర్రగా ఉంది. వేళ్ళకి మెత్తటి పొడి అంటుకుంది.

ఎలుకలు ఇటుకలు తినవు. ఎవరో దీన్ని నూరారు.

ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, కుంటుకుంటూ వెళ్ళి బండి తెచ్చుకున్నాడు. అడుగున్నర చెక్క, దాని కింద నాలుగు పాత బేరింగులు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ కాలు సన్నబడిపోయింది. గొంతుక్కూర్చుని చేసే పని అతనివల్ల కాదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి చేరిన కొత్తల్లో తనే చేసుకున్న బండి అది. చెక్క రెండుసార్లు మారింది. బేరింగులు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. దానిమీద కూర్చుని అరచేత్తో గచ్చుని ఒక్క తోపు తోస్తే ఈ చక్రం దగ్గర్నుంచి ఆ చక్రం దగ్గరికి చేరిపోతాడు. చక్రాలకి మెరుగు పెట్టడం అతని పని. లారీ బంపర్లతో మొదలుపెట్టి కారు చక్రాల దగ్గర స్థిరపడ్డాడు. ఆ ఎత్తు నుంచే లోకాన్ని చూశాడు. మనుషులు ముందు చెప్పులుగా వస్తారు అతని దగ్గరికి. ఆ తర్వాతే మొహాలు.

ఇప్పుడు ఎదురుగా ఉన్నవి నీళ్ళలో నాని తెల్లబడ్డ రబ్బరు చెప్పులు. వెంకటరత్నమ్మవి.

"చూడన్నా!" అంది ఆవిడ.

గోడ పక్కన నిలబెట్టిన తెల్ల అంబాసిడర్ ముందు నిలబడి ఉంది. చీర మీద షాపు పేరున్న నీలం చొక్కా, ఎప్పట్లాగే ఇస్త్రీ చేసి ఉంది. ఒక చేతిలో కొబ్బరి పీచు. ఇంకో చేతిలో విస్తరాకు ముక్క, దాంట్లో నల్లగా ఏదో గుజ్జు. మొహం వెలిగిపోతోంది.

డ్రైవరు వైపు ముందు చక్రం కూడా వెలిగిపోతోంది. దాని మధ్యలో బోర్లించిన గిన్నెలా ఉండే క్రోమ్ వీల్‌కప్పు మీద ఎండ పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. యేసుబాబు బండిని దగ్గరికి తోశాడు. తల ఒక పక్కకి వాల్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూశాడు.

గుడ్డ అంచుతో ఒకసారి తుడిచి మళ్ళీ చూశాడు.

కప్పు నిండా గీతలు. వెంట్రుక కన్నా సన్నటివి, ఒకదానిలో ఒకటి చుట్లు చుట్టుకుని వందల గీతలు.

"ఏం పెట్టి తోమావు రత్నమ్మా?"

"చింతపండు, ఇటిక పొడి. మా వీధి రాములోరి గుళ్ళో హారతి పళ్ళాలు దీంతోనేగా నేను తోమేది. పూజారి గారు మొహం చూసుకుంటారు వాటిల్లో. నీ మందుకన్నా తెల్లగా వచ్చింది, అవునా కాదా?" ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న నువ్వు గుండె పట్టుకుని కూచోడం నేను చూశాన్లే. ఇవాళ పెద్దాసుపత్రికెళ్తానన్నావుగా. పొద్దున్నే పోకపోతే ఓపీ చీటీ రాయరు. రావుగారి బండి అయ్యేదాకా నువ్వు కదలవు. అందుకని నేనే పెందలాడే వచ్చి మొదలెట్టా. ఒకటయిపోయింది. ఇంకా మూడేగా."

యేసుబాబు వేలికొసతో ఆ గీతల్ని తడిమి చూశాడు.

ఇత్తడి లోపలిదాకా ఇత్తడే. ఎంత తోమితే అంత కొత్త ఇత్తడి బయటికొస్తుంది. క్రోమ్ అలా కాదు. ఇనప రేకు మీద ఉల్లిపొరంత పూత. దాన్ని బనియన్ గుడ్డతో బుజ్జగించాలి తప్ప పీచుతో రాపాడకూడదు. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ పని నీళ్ళు కొట్టడం, సబ్బు పెట్టడం. అంతవరకే.

"ఏంటన్నా, మాట్లాడవే?"

"గీతలు పడ్డాయి."

"తుడిస్తే పోవా?"

"పోవు."

రత్నమ్మ వంగి చూసింది. ముందు ఆవిడకేమీ కనపడలేదు. తర్వాత కనపడ్డాయి. విస్తరాకు చేతిలోంచి జారిపోయింది.

"అయ్యో నా చేతులు పడిపోనూ! హర్షబాబు నన్ను ఉంచడన్నా."

అదీ నిజమే. కిందటి నెల ఒక కారు అద్దం పూర్తిగా ఎక్కించకుండానే నీళ్ళు కొట్టింది. సీట్లు తడిసిపోయాయి. కారు ఓనరు ఫొటోలు తీసి, షాపు పేరుతో సహా ఫోన్లో ఊరంతటికీ చూపించాడు. కుర్ర ఓనరు హర్షవర్ధన్ చెడ్డవాడు కాడు. కాని ఆ రోజు మాత్రం రత్నమ్మని పిలిచి, "ఇంకొక్క కంప్లెయింట్ వచ్చిందంటే సారీ అమ్మా, నేనేం చెయ్యలేను" అని మెత్తగా చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే రత్నమ్మ అంత భయపడేది కాదు. అరుపులు ఆవిడకి అలవాటే. ఇక్కడికి రాకముందు పటమటలో ఇళ్ళల్లో అంట్లు తోమేది. ఎవరింట్లోనూ ఆవిడకి పేరు లేదు. "పనామె వచ్చిందా?" అనేవాళ్ళు. ఇక్కడ నీలం చొక్కా ఇచ్చారు. "రత్నమ్మగారూ, బండి అయిందా?" అంటారు. ఆ చొక్కాని ఆవిడ రోజూ ఉతుక్కుని, పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చుకుని మరీ వేసుకొస్తుంది.

"రావుగారితో నిజం చెప్పేద్దామా?" అంది.

యేసుబాబు తల అడ్డంగా ఊపాడు.

ఉయ్యూరు దగ్గర ఒకప్పుడు రైసుమిల్లు నడిపిన వెంకటకృష్ణారావుగారి బండి అది. నెలకోసారి, మొదటి శనివారం, పొద్దున్నే డ్రైవరు తెచ్చి వదిలి వెళ్తాడు. సాయంత్రం రావుగారే స్వయంగా వస్తారు. వచ్చి, డబ్బులిచ్చే ముందు, జేబులోంచి చిన్న దువ్వెన తీస్తారు. డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర వంగి, కప్పులో చూసుకుని మీసం దువ్వుకుంటారు. "ఏమోయ్ యేసుబాబూ, ప్రతి వెంట్రుకా కనపడాలి!" అంటారు. హర్ష తండ్రి ఉన్న రోజుల నుంచీ నడుస్తున్న తంతు అది. ఆ మాట కోసం యేసుబాబు నెలంతా ఎదురు చూస్తాడని బయటికి చెప్పడు గాని, నిజం. అయితే మనిషికి కోపం కూడా అంతే. ఒకసారి కప్పు మీద నీటి మరక ఎండిపోయిందని అప్పటి కుర్రాణ్ణి అదే రోజు మాన్పించేదాకా ఊరుకోలేదు. పైగా ఆ కప్పులు ఇప్పుడు ఎక్కడా దొరకవు.

తానే చేశానంటే? ఆ ఆలోచన కూడా వచ్చింది. కాని యేసుబాబు చేతిలో క్రోమ్ గీసుకుపోయిందంటే ఆటోనగర్‌లో కుక్క కూడా నమ్మదు.

"నువ్వెళ్ళి నీళ్ళ పని చూసుకో. ఎవరితోనూ అనకు" అన్నాడు.

"మరి ఆస్పత్రి?"

"సోమవారం పోతాలే. ఆస్పత్రి ఎక్కడికి పోతుంది?"

చుట్టూ ఆటోనగర్ లేచింది. పక్క షెడ్డులో రేకుల మీద సుత్తులు పడుతున్నాయి. ఎదురుగా లారీ క్యాబిన్‌కి వెల్డింగు, ఇక్కడ నీళ్ళు కొట్టే కంప్రెసర్ మోత మొదలయ్యాయి. యేసుబాబు కప్పుకి సబ్బునీళ్ళు పోసి చింతపండు వాసన పోయేదాకా కడిగాడు. చిటికెడు పాలిష్ తీసి, బనియన్ గుడ్డని చూపుడు వేలికి చుట్టి, చిన్న చిన్న చుట్లుగా రుద్దడం మొదలుపెట్టాడు. పాలిష్ ఆరి తెల్లగా అయ్యేదాకా ఆగడం, కొత్త గుడ్డతో తుడవడం, తల వాల్చి చూడడం. మళ్ళీ మొదలు. తొందరపడితే పూత లేస్తుంది. పూత లేస్తే కింద నికెల్ పసుపుగా కనపడుతుంది. ఇక అయిపోయినట్టే.

మధ్యలో హర్ష నల్లటి పెద్ద కారొకటి తెచ్చి నిలబెట్టాడు.

"బాబాయ్, దీని వీల్స్ అర్జంటు. క్రోమ్ మీద బ్రేక్ పొడి అంతా అట్ట కట్టేసింది. అంబాసిడర్ సాయంత్రం కదా?"

"అయిపోద్ది బాబూ."

"నువ్వేంటి, ఇలా చెమటలు పోసుకున్నావ్? ఫ్యాను తిప్పించుకోవచ్చుగా."

"ఎండ బాబూ. ఇంకేం లేదు."

నల్ల కారు చక్రాలు నాలుగూ చేశాడు. చువ్వల మధ్య సందుల్లోకి పుల్లకి గుడ్డ చుట్టి తిప్పాడు. కారుని అర చుట్టు ముందుకు జరిపించి, అప్పటిదాకా కిందున్న భాగం పైకి వచ్చాక మళ్ళీ తుడిచాడు. కొత్తగా చేరేవాళ్ళు ఆ కింది భాగాన్ని వదిలేస్తారు. కారు కదిలాక పైకొచ్చి నవ్విపోతుంది. ఎంత హడావుడిలోనూ అతను దాన్ని వదల్లేదు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో లాగుతోంది. కుడి చేత్తోనే పని కానిచ్చాడు.

మధ్యాహ్నం భార్య అమలమ్మ ఫోను చేసింది.

"ఎక్కడున్నావయ్యా?"

"లైన్లో ఉన్నా. చాలామంది ఉన్నారు."

"అన్నం తిన్నావా?"

"తింటాలే. డాక్టరు చూశాక."

"ఆస్పత్రిలో ఆ కంప్రెసర్ మోతేంటి?"

యేసుబాబు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "పక్కన బిల్డింగు కడుతున్నారే."

"సరే. డాక్టరు ఏమన్నాడో మొత్తం చెప్పాలి. నాకు సగం సగం చెప్పావంటే ఊరుకోను" అని పెట్టేసింది.

క్యారియరు విప్పాడు. రెండు ముద్దలు తిని మూతపెట్టేశాడు.

ఎండ వాలే వేళకి గీతలు బాగా మెత్తబడ్డాయి. నిటారుగా చూస్తే లేవు. తల వాలిస్తే ఉన్నాయి. వంగి, దువ్వెన పట్టుకుని చూసే మనిషికి తప్పకుండా ఉంటాయి. ఇంతకు మించి రుద్దితే పూత ఆగదు. గుడ్డ కింద పెట్టి కాసేపు ఆ కప్పునే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు తట్టింది. రావుగారు చూసేది ఒక్క చక్రాన్నే. అటువైపు, గోడ పక్కన ఉన్న వెనక చక్రాన్ని ఆయన ఏనాడూ వంగి చూడలేదు.

హర్ష ఫోను మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్ళాడు. యేసుబాబు స్క్రూడ్రైవరు అంచు కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. కప్పు ఊడి ఒళ్ళో పడింది. అరచేత్తో గచ్చుని తోస్తూ కారు చుట్టూ తిరిగి, గోడకీ కారుకీ మధ్య సందులో దూరాడు. ఊపిరి అందడం లేదు. ఎడమ వెనక కప్పు ఊడదీశాడు. గీతల కప్పుని అక్కడ పెట్టి అరచేత్తో కొట్టి బిగించాడు. మళ్ళీ ఇటువైపు వచ్చి, అక్కణ్ణుంచి తెచ్చిన కప్పుని ముందు చక్రానికి పెట్టాడు. కొట్టాడు. టక్కున కూర్చుంది. పాలిష్ పెట్టి తుడిచాడు. అద్దంలా ఉంది. గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు.

గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడు. నల్ల తోలు చెప్పులు గచ్చు మీదికి దిగాయి.

అప్పుడు గుర్తొచ్చింది యేసుబాబుకి. సొట్ట!

ఎడమ వెనక కప్పు అంచున శనగగింజంత సొట్ట ఉంది. రావుగారి భార్య పద్మావతమ్మగారు డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో కాలవ వంతెన గోడకి రాసి చేసింది. కొట్టించి సరిచేయిస్తానని హర్ష తండ్రి ఎన్నిసార్లు అన్నా రావుగారు ఒప్పుకోలేదు. ఆవిడ పోయాక ఇక ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఒక్కో కప్పు చరిత్రా చేతివేళ్ళతో చెప్పగలిగిన యేసుబాబు, ఇవాళ అదొక్కటీ మరిచిపోయాడు.

"ఏమోయ్ యేసుబాబూ! ప్రతి వెంట్రుకా కనపడుతుందా?"

"చూసుకోండి అయ్యగారూ" అన్నాడు.

రావుగారు దువ్వెన తీశారు. మోకాలు పట్టుకుని వంగారు. కుదురు కోసం కప్పు అంచు మీద బొటనవేలు ఆనించారు.

వేలు ఆగింది. కొంచెం వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకొచ్చింది. సొట్ట మీద నిలిచిపోయింది.

రత్నమ్మ పైపు పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళు ఆవిడ కాళ్ళ మీదే పడుతున్నాయి. కట్టెయ్యాలని తోచలేదు.

రావుగారు తలెత్తి యేసుబాబుని చూశారు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. రత్నమ్మని చూశారు. ఆవిడ గోళ్ళలో ఇంకా ఎర్రగా ఉన్న ఇటుక పొడిని చూశారు. కారు మీదుగా గోడవైపు ఒకసారి చూశారు. ఏ వంటింట్లో, ఏ ఇత్తడి బిందె దగ్గర ఆ ఎరుపుని చూసి ఉన్నారో, ఆయన కళ్ళు అక్కడికి వెళ్ళి వచ్చినట్టున్నాయి.

"ఏమైనా ఉందా అంకుల్?" హర్ష గబగబా వచ్చాడు.

"ఆఁ. ఉంది" అన్నారు రావుగారు.

కప్పులోకి చూస్తూ దువ్వెన పైకెత్తారు.

"తెల్ల వెంట్రుక ఇంకొకటి వచ్చింది" అని, మీసం దువ్వుకుని, దువ్వెన జేబులో పెట్టుకున్నారు.

హర్ష నవ్వాడు. రత్నమ్మ పైపు కట్టేసి అటు తిరిగింది. రావుగారు కారు తలుపు తీసి, ఎక్కకుండా నిలబడ్డారు.

"ఏమోయ్, ఒంట్లో బాగా లేనట్టుంది. యనమలకుదురేగా మీ ఇల్లు? ఎక్కు, దింపేస్తా."

"వద్దండీ. ఈ బట్టలతో ఎక్కితే మీ సీట్లు పాడైపోతాయి."

"సీట్లదేముందయ్యా."

"కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందండీ. మీరు బయల్దేరండి, చీకటి పడితే బందరు రోడ్డు మీద లారీలెక్కువ."

అంబాసిడర్ వెళ్ళిపోయింది. ఎడమ వెనక చక్రం తిరుగుతూ తిరుగుతూ, మలుపు దగ్గర ఒకసారి ఎండకి తళుక్కుమంది. అంత దూరం నుంచి గీతలేవీ కనపడలేదు.

"అన్నా, నీకు దండం పెడతా. ఉండు, టీ తెస్తా. అల్లం వేయిస్తా" అని రత్నమ్మ మూల మీది బడ్డీకి పరుగెత్తింది.

యేసుబాబు బండిని గోడవారకి తోసుకున్నాడు. ఇంకా దిగలేదు. దిగకుండానే అర ఇటుక అందుకుని చక్రానికి అడ్డం పెట్టాడు. బనియన్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకున్నాడు. వీపు గోడకి ఆనించాడు.

రత్నమ్మ తిరిగొచ్చి "అన్నా, టీ" అంది. గ్లాసు పక్కన పెట్టింది. టీ మీద మీగడ కట్టింది. ఆవిడ రెండోసారి పిలవలేదు.

మర్నాడు, ఆదివారం ఆరాధన అయ్యాక, కరకట్ట పక్క సమాధుల తోటలో యేసుబాబుకి మట్టి ఇచ్చారు. హర్ష షాపు మూసి, అందర్నీ వెంటబెట్టుకొచ్చాడు. రావుగారు వెనక నిలబడి, పాట అయ్యేదాకా ఉన్నారు. జనం కదిలాక రత్నమ్మ అమలమ్మ పక్కన చేరి చెయ్యి పట్టుకుంది.

"నిన్న అన్న ఆస్పత్రికి పోలేదొదినా. నా మూలాన పోలేదు. నేను చెడగొట్టింది బాగుచేస్తా కూచున్నాడు."

అమలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"కంప్రెసర్ మోత నాకు తెలీదా? ఇన్నేళ్ళూ ఆ మోతలోంచేగా నాతో మాట్లాడింది" అంది. ఆ చెయ్యి మాత్రం విదిలించుకోలేదు.

తర్వాతి నెల మొదటి శనివారం అంబాసిడర్ వచ్చింది. చక్రాల పని హర్ష రత్నమ్మకి అప్పజెప్పాడు. చేస్తానని ఆవిడే అడిగింది. కొబ్బరి పీచు జోలికి పోలేదు. బనియన్ గుడ్డ వేలికి చుట్టి, చిన్న చిన్న చుట్లుగా, ఆరేదాకా ఆగి, తల వాల్చి చూసుకుంటూ చేసింది. కారుని అర చుట్టు ముందుకు జరిపించి కిందిది కూడా తుడిచింది.

సాయంత్రం రావుగారు వచ్చి, కారుని గోడకి దూరంగా తీయించారు. దువ్వెన పట్టుకుని ఎడమ వెనక చక్రం దగ్గరికి నడిచారు. ఆయన వంగారు. సన్నటి చుట్లలో ఆయన మొహం, గాలికి కదిలే కాలవ నీళ్ళలో కనపడినట్టు, కొంచెం వణికింది.

"అయ్యగారూ, అది నేనే..."

"తెలుసమ్మా" అన్నారు. మీసం మెల్లగా దువ్వుకున్నారు. "ఎక్కడివక్కడే ఉండనీ. మార్చొద్దు."

ఆయన వెళ్ళాక రత్నమ్మ తను కూర్చున్న గోనెపట్టా మడిచి పక్కన పెట్టింది. కింద కూర్చోలేక నడుం పట్టేసింది. హర్ష గోడవైపు చూపించి, "అది వాడుకోవచ్చుగా రత్నమ్మగారూ" అన్నాడు. ఆవిడ విననట్టే పైపు చుట్టుకుంటూ వెళ్ళింది. వాలు మీద, జాలీ వైపు తిరిగి, చెక్కబండి యేసుబాబు పెట్టినచోటే ఉంది. ముందు చక్రం కింద, ఒక మూల ఊడిన అర ఇటుక దాన్ని కదలకుండా ఆపి ఉంచింది.